పేజీ సగంలో తెగిపోతే ముందు తెగిన చోటు చూడండి

మా పిన్ని కొడుకు ఒక చిన్న కథల సైట్ నడుపుతాడు. వర్డ్‌ప్రెస్ కాదు, ఎప్పుడో తనే పీహెచ్‌పీలో (సర్వర్ మీద పేజీలు తయారుచేసే భాష) రాసుకున్నది. హోస్టింగ్ రెన్యువల్ రేటు చూసి గుండె గుభేలుమని, ఇంకో చౌక షేర్డ్ ప్లాన్‌కి (ఒకే సర్వర్‌ని చాలా సైట్లు పంచుకునేది) మార్చాడు. మార్చిన మూడో రోజు రాత్రి పదకొండింటికి ఫోన్. "అన్నయ్యా, కథలు సగం కూడా రావట్లేదు, కింద ఫుటర్ లేదు, ఏం లేదు. ఇంగ్లీషులో ఉన్న కాంటాక్ట్ పేజీ మాత్రం శుభ్రంగా వస్తోంది." అప్పటికే వాడు క్యాష్ (దాచి ఉంచిన పేజీ కాపీలు) మూడుసార్లు తుడిచాడు, పీహెచ్‌పీ వెర్షన్ పైకీ కిందికీ మార్చి చూశాడు, సపోర్ట్ వాళ్లతో చాట్‌లో గంటసేపు గొడవపడ్డాడు. వాళ్లు "మా వైపు అంతా బాగానే ఉంది" అన్నారట. నిజంగానే బాగానే ఉంది, ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఇలాంటప్పుడు అందరం చేసే తప్పు ఒకటే, కనిపించిన సెట్టింగల్లా మార్చేస్తాం. మార్చకండి. పేజీ ఎక్కడ తెగిందో, ప్రతిసారీ అక్కడే తెగుతోందా కాదా అన్నది ముందు చూడండి. షేర్డ్ హోస్టింగ్‌లో మనకి సర్వర్ మీద రూట్ అధికారం ఉండదు, సర్వర్ రాసుకునే రికార్డులు, అంటే లాగులు, సగం కనపడవు, కాబట్టి తెగిన ఆ చివరి ముక్కే మన చేతిలో ఉన్న గట్టి సాక్ష్యం.

అసలు తెగిందా లేదా?

బ్రౌజర్‌లో కంట్రోల్ యూ నొక్కి వ్యూ సోర్స్ తెరిచి, అట్టడుగుకి వెళ్లండి. హెచ్‌టీఎంఎల్‌ని మూసే ట్యాగ్ ఉందనుకోండి, పేజీ పూర్తిగానే వచ్చింది, గొడవ సర్వర్‌ది కాదు. ఎవరో కామెంట్ గుర్తు తెరిచి మూయలేదు, లేదా స్క్రిప్ట్ ట్యాగ్ మూయడం మర్చిపోయారు, దాంతో కింద ఉన్నదంతా బ్రౌజర్ మింగేసింది. ఆ మధ్యే అతికించిన యాడ్ కోడ్, అనలిటిక్స్ కోడ్ చూడండి, చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. మూసే ట్యాగ్ లేకపోతే, లేదా అది ఉన్నా మధ్యలో వ్యాసం మాత్రం ఖాళీగానో సగమో ఉంటే, మిగతాది చదవండి.

ఇక్కడ ఒక మాట. సోర్స్ చివర ఏముందో అలాగే కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టుకోండి. పూర్తి ట్యాగ్ దగ్గర ఆగిందా, మాట మధ్యలో కోసినట్టు తెగిందా? ఈ తేడా బంగారం లాంటిది. పీహెచ్‌పీ తనంతట తాను చచ్చిపోతే, అప్పటిదాకా రాసింది బయటికి పంపేసి మరీ చస్తుంది, కాబట్టి పేజీ ఒక వాక్యమో ట్యాగో ముగిసిన చోట ఆగుతుంది. బయటివాళ్లు ఎవరైనా ప్రాసెస్‌ని చంపేసినా, కనెక్షన్ తెంచేసినా, "హైదరా" అని రాసి "బాద్" లేకుండా ఆగిపోతుంది.

కొలవడం

బ్రౌజర్ మన మీద ప్రేమతో చాలా దాస్తుంది, అందుకని కర్ల్ (కమాండ్ కొట్టి పేజీని దించే చిన్న టూల్) వాడండి. విండోస్ 10లో, ఆపై వాటిలో కర్ల్ ఉండనే ఉంది. కాకపోతే పాత పవర్‌షెల్‌లో కర్ల్ అని కొడితే వేరే కమాండ్ నడుస్తుంది, కమాండ్ ప్రాంప్ట్‌లోనే కొట్టండి. పేజీని ఒక ఫైల్‌లోకి దించి, జరిగేదంతా చూపించే వెర్బోస్ ఆప్షన్ కూడా పెట్టండి. కంప్రెషన్ అడగకండి, అడిగితే బైట్ల లెక్క అర్థం కాకుండా పోతుంది. ఇలా ఐదారుసార్లు దించి ఒక్కో ఫైల్ ఎన్ని బైట్లుందో రాసుకోండి. ప్రాపర్టీస్‌లో "సైజ్" అన్న అంకె చూడాలి, దాని కింద "సైజ్ ఆన్ డిస్క్" అని ఇంకోటి ఉంటుంది, అది సాధారణంగా 4096 గుణిజంలోనే ఉంటుంది. అది చూసి ఏదో కనిపెట్టేశాననుకుని నేనొకసారి ఒక పూట తగలేశాను.

కర్ల్ చివర్లో ఏమందో కూడా ముఖ్యమే. పేజీ మొత్తం ఎంతుంటుందో ముందు తెలియనప్పుడు హెచ్‌టీటీపీ 1.1లో సర్వర్ దాన్ని ముక్కలుగా పంపిస్తుంది, దీన్నే చంక్డ్ అంటారు, చివర్లో సున్నా సైజు ముక్క ఒకటి పంపి "ఇంతే" అని చెప్తుంది. ఆ సున్నా ముక్క రాకుండా కనెక్షన్ పోతే కర్ల్ 18 నంబర్ ఎర్రర్ ఇస్తుంది. క్రోమ్ కన్సోల్‌లో అదే "ఇన్‌కంప్లీట్ చంక్డ్ ఎన్‌కోడింగ్" అని కనపడుతుంది. సైట్ హెచ్‌టీటీపీ 2లో ఉంటే కర్ల్ 92 అంటుంది. వీటిలో ఏదొచ్చినా మధ్యలో ఎవరో తాడు కోశారన్న మాట. అలా కాకుండా కర్ల్ నోరు మెదపకుండా, 200 ఓకే (అంతా బాగుందనే స్టేటస్) చూపించి, సగం పేజీ చేతిలో పెట్టి వెళ్లిపోయిందా, అయితే సర్వర్ దృష్టిలో పేజీ పూర్తయినట్టే. పీహెచ్‌పీ మధ్యలో చచ్చినా సున్నా ముక్క మామూలుగా పోతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, సైట్ పడిపోయిందా అని కాపలా కాసే టూల్ కూడా 200 చూసి పచ్చ లైట్ వేసుకుని కూర్చుంటుంది.

ప్రతిసారీ ఒకే చోట, కర్ల్ మౌనం

ఇది ఎక్కువగా కనపడేది. ముక్కాలు మూడొంతులు పీహెచ్‌పీ ఫేటల్ ఎర్రరే, అంటే స్క్రిప్ట్‌ని అక్కడికక్కడే ఆపేసే తప్పు. 200 అన్న స్టేటస్ మొదటి బైట్లతోనే వెళ్లిపోయింది, తర్వాత ఎర్రర్ వచ్చినా దాన్ని 500గా (సర్వర్‌లో తప్పు అనే స్టేటస్) మార్చడానికి వీల్లేదు, పైగా లైవ్ సైట్లలో ఎర్రర్లు తెర మీద చూపించడం ఆపేసి ఉంటుంది (ఉండాలి కూడా), అందుకే ఏ మెసేజీ లేకుండా ఆగిపోతుంది. వర్డ్‌ప్రెస్‌లో 2019 మేలో వచ్చిన 5.2 నుంచి "క్రిటికల్ ఎర్రర్" అనే పేజీ ఒకటి ఉంది కదా, అది రావాలి కదా అంటారు. హెడర్లు (పేజీకి ముందు సర్వర్ పంపే వివరాలు) అప్పటికే వెళ్లిపోయి ఉంటే బయటి పేజీల్లో అదీ రాదు.

లాగ్ చూడాలి. సీప్యానెల్‌లో (హోస్టింగ్ వాళ్లిచ్చే కంట్రోల్ ప్యానెల్) మెట్రిక్స్ కింద ఎర్రర్స్ అని ఉంటుంది, అది ఆఖరి 300 వరకే చూపిస్తుంది, పైగా అక్కడికి పీహెచ్‌పీ ఎర్రర్లు చాలాసార్లు రావు. అవి ఏ ఫోల్డర్‌లో స్క్రిప్ట్ నడిచిందో ఆ ఫోల్డర్‌లోనే "ఎర్రర్ అండర్‌స్కోర్ లాగ్" అనే ఫైల్‌గా పడి ఉంటాయి. పబ్లిక్ హెచ్‌టీఎంఎల్‌లో ఒకటి, డబ్ల్యూపీ అడ్మిన్‌లో ఇంకొకటి, అలా. వర్డ్‌ప్రెస్ అయితే కాన్ఫిగ్ ఫైల్‌లో డబ్ల్యూపీ డీబగ్, డీబగ్ లాగ్ రెండూ ట్రూ చేసి, డీబగ్ డిస్‌ప్లే ఫాల్స్ చెయ్యండి. డబ్ల్యూపీ కంటెంట్ ఫోల్డర్‌లో డీబగ్ లాగ్ తయారవుతుంది. పని కాగానే ఆపేసి ఆ ఫైల్ తీసెయ్యండి, చాలా చోట్ల అది బయటివాళ్లకి కూడా తెరుచుకుంటుంది.

లాగ్‌లో "134217728 బైట్స్ ఎగ్జాస్టెడ్" అని ఉంటే అది 128 ఎంబీ మెమరీ లిమిట్. వెంటనే దాన్ని 512 చెయ్యాలనిపిస్తుంది. ఒకసారి 256 చేసి చూడండి, అప్పటికీ అదే గొడవైతే లిమిట్ తప్పు కాదు, ఏదో ప్లగిన్ (సైట్‌కి తగిలించిన అదనపు ప్రోగ్రామ్) డేటాబేస్ టేబుల్ మొత్తాన్ని మెమరీలోకి లాగుతోంది. ఏ ప్లగిన్? నోట్‌ప్యాడ్‌లో పెట్టుకున్న ఆ చివరి ముక్క చూడండి. ఒక చీరల షాపు సైట్‌లో సోర్స్ సరిగ్గా "మీకు నచ్చేవి" అనే హెడింగ్ రాసి, లిస్ట్ ట్యాగ్ తెరిచి, అక్కడితో ఆగింది. రిలేటెడ్ ప్రొడక్ట్స్ ప్లగిన్ ఆపగానే పేజీ పూర్తిగా వచ్చింది. లాగ్ తెరవకముందే తెలిసిపోయింది.

ఇంకో రకం ఉంది, హెడర్ ఉంటుంది, ఫుటర్ ఉంటుంది, మధ్యలో వ్యాసం మాత్రం ఖాళీ. ఇది చాలాసార్లు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల (ప్యాటర్న్ ఇచ్చి టెక్స్ట్ వెతికే పద్ధతి) పని. పీహెచ్‌పీలో బ్యాక్‌ట్రాక్ లిమిట్, అంటే వెతుకుతూ ఎన్నిసార్లు వెనక్కి రావొచ్చన్నది, డిఫాల్ట్‌గా 10 లక్షలు, పొడుగు వ్యాసం మీద ఏ మినిఫై ప్లగిన్నో (పేజీ కోడ్‌ని కుదించేది) పిచ్చి ప్యాటర్న్ నడిపితే ఆ లిమిట్ దాటి ఫలితం నల్, అంటే ఖాళీ, అవుతుంది. ఎర్రర్ కూడా లాగ్‌లో పడదు. చిన్న పోస్టులు బాగుండి పెద్దవి మాత్రమే మాయమవుతుంటే ముందు మినిఫై ఆపి చూడండి.

తెలుగు పేజీలకే వచ్చే తిప్పలు

ఇప్పుడు మా తమ్ముడి కథ. వాడి పేజీ ఎన్నిసార్లు దించినా 24,000 బైట్లకి కాస్త అటూ ఇటూ, ఒక్కో కథకి ఒక్కో అంకె, కానీ అదే కథకి ఎప్పుడూ అదే అంకె. కర్ల్ ఎర్రరేం లేదు. ఫైల్ చివర చూస్తే అక్షరం బదులు నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం. అంటే ఒక తెలుగు అక్షరం మధ్యకి కోసేశారు. వెర్బోస్‌లో కంటెంట్ లెంగ్త్ హెడర్ (పేజీ ఎన్ని బైట్లో ముందే చెప్పేది) చూశాను, అదే అంకె. సర్వర్ ఇంతే ఉంది అని చెప్పింది, బ్రౌజర్ అంత తీసుకుని సరే అంది.

వాడు పేజీని సేవ్ చేసి పంపే చిన్న క్యాష్ స్క్రిప్ట్ రాసుకున్నాడు, అందులో పొడవు కొలవడానికి ఎంబీ స్ట్రెలెన్ అనే పీహెచ్‌పీ ఫంక్షన్ వాడాడు. అది లెక్కపెట్టేది క్యారెక్టర్లు. హెచ్‌టీటీపీకి కావలసింది బైట్లు. యూటీఎఫ్ 8లో ఇంగ్లీషు అక్షరం ఒక బైట్, తెలుగులో మాత్రం ప్రతి క్యారెక్టర్ మూడు బైట్లు, ఒత్తులూ గుణింతాలూ కూడా విడివిడిగా లెక్క. "స్త్రీ" అని ఒక్క అక్షరంగా కనిపిస్తుంది గానీ లోపల ఆరు క్యారెక్టర్లు, 18 బైట్లు. వాడి పేజీలో ట్యాగులన్నీ కలిపి ఇంగ్లీషు 9 వేలు, తెలుగు 15 వేల క్యారెక్టర్లు ఉన్నాయనుకోండి, నిజంగా ఉన్నవి 54 వేల బైట్లు, హెడర్‌లో చెప్పింది 24 వేలు. ఇంగ్లీషు పేజీలో క్యారెక్టర్లూ బైట్లూ ఒకటే కాబట్టి అది బతికిపోయింది.

మరి పాత హోస్టింగ్‌లో ఎలా నడిచింది? వాడు కూడా అదే పట్టుకుని సపోర్ట్ వాళ్లని తిట్టాడు. అక్కడ జీజిప్ కంప్రెషన్ ఆన్‌లో ఉండేది. అపాచీ అనే ఆ వెబ్ సర్వర్ కంప్రెస్ చేసేటప్పుడు ఆ కంటెంట్ లెంగ్త్ పనికిరాదు కాబట్టి తీసేస్తుంది, తప్పు అంకె బ్రౌజర్ దాకా వెళ్లేది కాదు. కొత్త ప్లాన్‌లో కంప్రెషన్ లేదు, తప్పు బయటపడింది. పరిష్కారం ఒక్క లైన్ తీసెయ్యడం. డైనమిక్ పేజీకి కంటెంట్ లెంగ్త్ మనం పంపనక్కర్లేదు, సర్వర్ చూసుకుంటుంది.

దీనికి బంధువు ఇంకోటి ఉంది. పేజీ అంతా వచ్చి, చివరి మూసే ట్యాగ్‌లో ఆఖరి మూడు గుర్తులు మాత్రం లేవనుకోండి. అది బామ్, అంటే ఎన్‌కోడింగ్ గుర్తుగా ఫైల్ మొదట్లో చేరే బైట్లు. ఎవరో ఒక ఇన్‌క్లూడ్ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో బామ్‌తో సేవ్ చేశారు, ముందు మూడు కనపడని బైట్లు చేరాయి, లెక్కలో లేవు కాబట్టి వెనక మూడు పోయాయి. ఫైల్‌ని బామ్ లేకుండా మళ్లీ సేవ్ చెయ్యండి.

అసలు డెలివరీయే కాకుండా డేటాబేస్‌లోనే తెగిపోయి ఉండటం కూడా ఉంటుంది. సొంతంగా చేసుకున్న టేబుల్‌లో వ్యాసానికి టెక్స్ట్ కాలమ్ పెడితే దానికి పట్టేది 65,535 బైట్లు, అంటే తెలుగులో 21,845 క్యారెక్టర్లు. మైఎస్‌క్యూఎల్ స్ట్రిక్ట్ మోడ్‌లో లేకపోతే మిగిలింది చడీచప్పుడు లేకుండా పారేస్తుంది. పాత మూడు బైట్ల యూటీఎఫ్ 8 టేబుల్ అయితే ఇంకా తమాషా, మధ్యలో ఒక ఎమోజీ పెడితే అక్కణ్నుంచి కిందంతా పోతుంది, ఎందుకంటే ఎమోజీకి నాలుగు బైట్లు కావాలి. వర్డ్‌ప్రెస్ వాళ్లకి ఈ బాధ తక్కువ, అందులో పోస్టులకి లాంగ్‌టెక్స్ట్ ఉంటుంది, 2015లో 4.2 నుంచి నాలుగు బైట్ల ఎన్‌కోడింగ్‌కి మారింది. పీహెచ్‌పీమైఅడ్మిన్ తెరిచి ఆ వరుసని ఒకసారి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. అక్కడే తెగి ఉంటే, తెగకముందు తీసిన బ్యాకప్ నుంచో మీ దగ్గరున్న అసలు ప్రతి నుంచో తెచ్చుకోవడం తప్ప దారి లేదు.

ఒక్కోసారి ఒక్కో చోట

ఐదుసార్లు దించితే ఐదు అంకెలు, మాట మధ్యలో తెగడం, కర్ల్ 18. ఇది మన కోడ్ కన్నా సర్వర్ మీద ఒత్తిడికి సంబంధించింది. చాలా షేర్డ్ హోస్టింగుల్లో క్లౌడ్‌లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది, ఒక్కో అకౌంట్‌కి సీపీయూ, మెమరీ, ఒకేసారి ఎన్ని స్క్రిప్టులు నడవొచ్చు అన్న ఎంట్రీ ప్రాసెస్ లెక్క, అన్నిటికీ గీత గీసి ఉంటుంది. సీప్యానెల్‌లో రిసోర్స్ యూసేజ్ తెరిచి ఫాల్ట్స్ అన్న కాలమ్ చూడండి. ఎంట్రీ ప్రాసెస్ దాటితే సందర్శకులకి 508 ఎర్రర్ వస్తుంది, అది పేజీ తెగడం కాదు. ఫిజికల్ మెమరీ ఫాల్ట్స్ పేజీ తెగే సమయంతో కలిస్తే మాత్రం ప్రాసెస్‌ని మధ్యలో చంపుతున్నారు. ఇక్కడ పీహెచ్‌పీ మెమరీ లిమిట్ పెంచితే ఇంకా చెడుతుంది, పది ప్రాసెసులు తలా 256 తింటే అకౌంట్ గీత ఇంకా త్వరగా దాటుతుంది. తగ్గించండి, లేదా బాట్లని (సైట్లన్నీ తిరిగి చదివే ప్రోగ్రాములు) ఆపండి. రా యాక్సెస్ లాగ్ దించి చూస్తే సగం హిట్లు ఏదో క్రాలర్‌వే ఉండటం కొత్తేం కాదు.

తెగడానికి ఎన్ని సెకన్లు పడుతోందో కూడా చూడండి. బైట్లు మారుతున్నా సమయం మాత్రం ఎప్పుడూ 60 సెకన్ల దగ్గరే ఉంటే అది టైమౌట్, ఎన్‌జినెక్స్‌లో (చాలా చోట్ల ముందుండే వెబ్ సర్వర్) వెనక సర్వర్ కోసం ఎదురుచూసే డిఫాల్ట్ గడువు 60 సెకన్లు. పీహెచ్‌పీ 30 సెకన్ల లిమిట్ ముందే ఆపాలి కదా అనుకోవద్దు, లైనక్స్‌లో డేటాబేస్ కోసం, బయటి ఏపీఐ కోసం కాచుకున్న సమయం ఆ 30లో లెక్కకి రాదు.

ఒకే అంకె, అది 32 లేదా 64 కేబీ దగ్గర్లో, అదీ పెద్ద పేజీలన్నిటికీ అయితే ఎన్‌జినెక్స్ బఫర్ గుర్తు తెచ్చుకోండి. డిఫాల్ట్‌గా 8 బఫర్లు, ఒక్కోటి 4 లేదా 8 కేబీ, అవి నిండితే మిగతాది తాత్కాలిక ఫోల్డర్‌లో రాస్తుంది, ఆ ఫోల్డర్‌కి పర్మిషన్ లేకపోయినా డిస్క్ నిండినా పేజీ అక్కడితో సరి. చిన్న పేజీలకి ఏమీ కాదు. ఇది మన చేతిలో లేదు, హోస్టింగ్ వాళ్లే బాగుచెయ్యాలి, కానీ ఈ మాట టికెట్‌లో రాస్తే మొదటి లెవెల్ దాటి అసలు మనిషి దగ్గరికి వెళ్తుంది.

బాగుచేసినా బాగవ్వకపోతే

తెగిన పేజీని క్యాష్ ప్లగిన్ పట్టుకుని దాచి ఉంటుంది. అసలు కారణం పోయినా అదే సగం పేజీని నమ్మకంగా పంపిస్తూనే ఉంటుంది. అడ్రస్ చివర ప్రశ్నార్థకం పెట్టి ఏదో ఒక పేరు, అంకె చేర్చి తెరవండి, పూర్తిగా వస్తే క్యాష్‌దే తప్పు, అన్ని చోట్లా తుడవండి. డిస్క్ కోటా, ఫైళ్ల సంఖ్య లిమిట్ కూడా చూడండి, కోటా నిండితే క్యాష్ ఫైల్ సగమే రాయబడుతుంది. మెయిల్ ఫోల్డర్‌లో నాలుగేళ్ల స్పామ్ కోటా తినేసిన సైట్లు చూశాను.

క్లౌడ్‌ఫ్లేర్ (సర్వర్‌కీ సందర్శకులకీ మధ్య నిలబడే సర్వీసు) ఉంటే దాని డీఎన్‌ఎస్‌ సెట్టింగ్‌లో ఆ ఆరెంజ్ మబ్బుని కాసేపు గ్రే చేసి నేరుగా సర్వర్ నుంచి తెప్పించుకోండి. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్‌లో తెగి, ఫోన్ హాట్‌స్పాట్‌లో బాగా వస్తే సర్వర్ జోలికి వెళ్లకండి, మీ రూటర్ ఎంటీయూనో (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ సైజు), యాంటీవైరస్‌లో హెచ్‌టీటీపీఎస్ స్కానింగో చూడండి. బొమ్మలు మాత్రమే సగం వస్తుంటే ఎఫ్‌టీపీలో ఎక్కించిన ఫైల్ సైజు, మీ దగ్గరున్న ఫైల్ సైజు పోల్చండి, చాలావరకు ఎక్కించడమే సగం ఎక్కి ఉంటుంది.

టికెట్ రాసేటప్పుడు

"సైట్ పనిచేయట్లేదు" అని రాస్తే "మాకు తెరుచుకుంటోంది" అని జవాబొస్తుంది, అందులో వాళ్ల తప్పూ లేదు. పేజీ పూర్తి అడ్రస్, ఐదుసార్లు దించిన బైట్లు, ఎన్ని సెకన్లకి తెగింది, కర్ల్ ఎర్రర్ నంబర్, మీ ఐపీ, క్లౌడ్‌ఫ్లేర్ లేకుండా చూశానన్న మాట, ప్లగిన్లు ఆపినా అదే అన్న మాట, ఇవి రాయండి. సమయం యూటీసీలో రాయండి, మన టైమ్‌లోంచి ఐదున్నర గంటలు తీసేస్తే వస్తుంది. మనం రాత్రి 11 అని రాసి, వాళ్లు సర్వర్ టైమ్ రాత్రి 11 లాగ్ తీసి "ఎర్రర్లేం లేవు" అనడం నాకే రెండుసార్లు జరిగింది.

ఇంకొకటి, కాపలా టూల్‌లో స్టేటస్ కోడ్‌తో పాటు కీవర్డ్ చెక్ కూడా పెట్టండి. ఫుటర్‌లో అట్టడుగున ఉన్న మాట ఏదైనా ఇవ్వండి, అది కనపడకపోతే మెయిల్ వస్తుంది. మా వాడు ఆ లైన్ తీసేశాక ఫుటర్‌లో "కథ కంచికి" అని రాసి, అదే కీవర్డ్‌గా పెట్టుకున్నాడు. సపోర్ట్ చాట్ మళ్లీ తెరిచి సారీ చెప్పాడా అని అడిగితే మాత్రం మాట మార్చాడు.